ఛాట్ తీసిన సీఈవో

బోధన్ శివార్లో, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో ఒక రేకుల షెడ్డు ఉంది. ఒకప్పుడు అందులో చెరుకు ట్రాక్టర్లకు పంక్చర్లు వేసేవారు. ఇప్పుడు దాని నెత్తిన షెడ్డు కంటే పొడుగైన బోర్డు ఎక్కింది: వజ్రకవచ్ డిఫెన్స్ ఇంటర్‌కనెక్ట్ సిస్టమ్స్ ప్రైవేట్ లిమిటెడ్. వర్ని ఊరికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ‘సిస్టమ్స్’ దాకా చదివేసరికి బస్సు మలుపు తిరిగిపోతుంది. లోపల నలభై మంది ఆడవాళ్లు, ఆరుగురు మగవాళ్లు, రెండు కూలర్లు, ఒక సీఈవో. ఆ సీఈవో పేరు భానుప్రసాద్.

రక్షణ రంగంలో సీఈవో అనగానే మీరు విమానం మెట్లు దిగే సూటు మనిషిని ఊహించుకుంటే ఆ పాపం మీది. మనవాడు దిగేది మోపెడ్డు. నలభై ఏడేళ్ల వయసు, బట్టతల, చొక్కా గుండీలకు రోజూ పరీక్ష పెట్టే బొజ్జ. మెడలో గుర్తింపు కార్డు ఒకటి. దాని మీద అధికారి సంతకం కూడా ఆయనదే. కొలువు వచ్చిన రోజు సంబరంగా ఇంటికి పోయి తల్లికి చెప్పాడు. వసంతమ్మ చింతపండులో గింజలు తీస్తూ వింది.

“సీఈవో అంటే ఏందిరా?”

“కంపెనీల ఏది జరిగినా నాదే జిమ్మెదారి అవ్వా.”

“కంపెనీ నీదా?”

“కాదు, రాజశేఖర్ సారుది. హైదరాబాద్‌ల ఉంటడు.”

“అంటే లాభమొస్తే ఆయనది, లొల్లయితే నీది. దాన్ని మా దిక్కు జీతగాడంటరు” అని వసంతమ్మ మళ్లీ చింతపండు మీద పడింది.

ముసలామె నోరు మంచిది కాదు గానీ లెక్క తప్పదు. జరిగింది అదే. హైదరాబాద్‌లోని పెద్ద కంపెనీ ఒకటి రాడార్ బండ్లు తయారు చేస్తుంది. దానికి సరుకు అమ్మాలంటే నింపాల్సిన దరఖాస్తులో ‘ముఖ్య కార్యనిర్వహణాధికారి’ అని ఒక గడి ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, సరుకులో దోషానికి సదరు అధికారే స్వయంగా బాధ్యుడని రాసి ఉంది. రాజశేఖర్ ఆ చిన్న అక్షరాలను రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, తన దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న భాను వైపు ఎంతో ప్రేమగా చూశాడు. “భానూ, నీకు ప్రమోషన్ ఇద్దామనుకుంటున్నానయ్యా” అన్నాడు. ఈ దేశంలో పెద్ద పదవులు ఎన్ని ఇట్లా పుట్టాయో మనకెందుకు గానీ, ఇదొకటి మాత్రం ఇట్లాగే పుట్టింది.

అంతకుముందు కథ కూడా చెప్పాలి. తండ్రి రామ్‌దాస్ చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలీ. చెరుకు వస్తే పని, రాకపోతే పేకాట. కొడుకును మాత్రం నిజామాబాద్‌లో పాలిటెక్నిక్ చదివించాడు. భాను డిప్లొమా పట్టుకుని ఏడాదంతా తిరిగాడు. ఆ కాగితం చూసి ఒక్కడూ కుర్చీ చూపించలేదు. చివరికి నిజామాబాద్‌లోనే ఒక బీడీ కార్ఖానాలో మున్షీ పని దొరికింది. ఇప్పుడు అతని బయోడేటాలో ఆ మూడేళ్లూ ఇంగ్లీషులో ‘పొగాకు ఉత్పత్తుల నాణ్యతా తనిఖీ’ అని మెరుస్తుంటాయి. రాసినవాడికి సిగ్గుండాలి, కానీ అబద్ధమనడానికి వీల్లేదు.

ఆ తనిఖీని కార్ఖానాలో ఛాట్ తీయడం అంటారు. ఆడవాళ్లు ఇంట్లో చుట్టిన బీడీలు వెయ్యి లెక్కన గంపలో పెట్టుకుని వస్తారు. మున్షీ గద్దె మీద కూర్చుని కట్టలు విప్పి, సన్నగా ఉన్నవి, ఆకు చిరిగినవి, పొట్టివి పక్కకు విసిరేస్తాడు. ఆ విసిరేసినవే ఛాట్. వాటికి కూలి ఉండదు, అవి తిరిగీ ఇవ్వరు. సాయంత్రానికల్లా అవి సేటు వెనక గదిలో మంచి బీడీలతో కలిసి, లేబులు కట్టుకుని, మహారాష్ట్ర లారీ ఎక్కుతాయి. సేటు పొద్దున్నే వచ్చి వెయ్యికి ఇవ్వాళ ఇన్ని తీయమని చెప్పి పోతాడు. బీడీలు బంగారంలా ఉన్నా సరే, అన్ని తీయాల్సిందే. భాను తీశాడు. మూడేళ్లు తీశాడు. కడుపుకోసమే తీశాడు, కానీ తీశాడు.

ఆడవాళ్లేం తక్కువ తిన్నారా? వెయ్యి మీద రెండు కట్టలు ఎక్కువ చుట్టి తెచ్చేవారు. మున్షీ తీసేవి తీసినా లెక్క వెయ్యికి తగ్గకూడదని. ఇంట్లో పిల్లకు అన్నం పెట్టడం ఆలస్యమైనా సరే, ఆ రెండు కట్టలు మాత్రం చుట్టాల్సిందే. నిజామాబాద్‌లో బీడీలు చేసే ప్రతి ఇంట్లో ఇదే లెక్క. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, తల్లిని చూసి బిడ్డ పట్టేసుకుంది.

తర్వాత భాను హైదరాబాద్ పోయి రాజశేఖర్ వర్క్‌షాపులో చేరాడు. అక్కడ హార్నెస్‌లు కట్టేవారు. హార్నెస్ అంటే మరేం లేదు, యంత్రం లోపల కరెంటు మోసే సన్న వైర్లన్నిటినీ ఒక్క కట్టగా చేసి, మైనం రాసిన దారంతో వేలెడు దూరానికో ముడి వేసి, రెండు కొసలకూ కనెక్టర్లు బిగిస్తారు. ముడి వదులైతే వైర్లు అదురుకు రాసుకుని తెగుతాయి, బిగుసుకుపోతే పైపొర కోసుకుపోతుంది. యంత్రం చేయలేని పని, చేతితోనే చేయాలి. కుర్రాళ్లు ఒక్కో హార్నెస్‌కు అరగంట తీసుకుని, పదింటిలో మూడు పాడుచేసేవారు. ఒకరోజు భాను వాళ్ల మొద్దు వేళ్లను చూస్తుండగా అతనికి మున్షీ గద్దె ముందు కూర్చున్న వేళ్లు యాదికొచ్చాయి. రోజుకు వెయ్యిసార్లు దారం చుట్టి ముడి వేసే వేళ్లు. “సార్, ఫ్యాక్టరీ బోధన్‌ల పెడదాం” అన్నాడు. అతని జీవితంలో వచ్చిన ఒకే ఒక్క గొప్ప ఆలోచన అది. దానికి కూడా మూలం బీడీయే.

బోధన్ షెడ్డులో మొదటిరోజు పనికి వచ్చినవాళ్లలో సుమిత్రమ్మ ఉంది. అరవైకి దగ్గర పడిన మనిషి. నిజామాబాద్‌లో బీడీలు చేసి, బిడ్డ పెళ్లయ్యాక ఆమెతోపాటు బోధన్‌కు వచ్చేసింది. భానుకు ఆమెను చూడగానే దొంగకు తేలు కుట్టినట్టయింది. ఎన్నిసార్లు విసిరేశాడో ఆమె బీడీలు! కానీ అప్పుడు తను చెరుకుగడలా సన్నగా, నెత్తినిండా జుట్టుతో ఉండేవాడు. ఆమె అతన్ని పైకీ కిందికీ ఒకసారి చూసి, “ఏం సెయ్యాలె సారూ?” అని మాత్రమే అడిగింది. గుర్తుపట్టలేదు, దేవుడున్నాడు అనుకున్నాడు భాను. ఆమె చేతికి దారమిచ్చాడు. పావుగంటలో మొదటి హార్నెస్ కట్టి పడేసింది. మర్నాడే ఆమెను లైన్ లీడర్ని చేశాడు.

రెండేళ్లు చిన్నాచితకా పనులతో గడిచాయి. అప్పుడొచ్చింది అసలు ఆర్డరు, రాడార్ బండ్లకు రెండు వందల హార్నెస్‌లు. మూరెడు పొడుగువి, ప్రతిదానికీ ఒక నంబరు చీటీ. ఈ లాట్ తనిఖీలో నెగ్గితే వజ్రకవచ్‌కు ఐదేళ్ల గుర్తింపు. పోతే షెడ్డుకు తాళం, నలభై మందీ మళ్లీ తంబాకు దుమ్ములోకి. ఈ మాట భాను అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది. భయం పుట్టినప్పుడు మనిషి తనకు తెలిసిన పనే చేస్తాడు.

తనిఖీ అధికారి పేరు పరమేశ్వర్. ఉప్పు తక్కువైనట్టుండే మొహం, ఇస్త్రీ చెదరని చొక్కా. పొద్దున ఏడింటికే వచ్చి, టీ వద్దని, బిస్కెట్టు వద్దని, కుర్చీ కూడా దులిపి కూర్చున్నాడు. ఒక్కో హార్నెస్ తీసి, భూతద్దంలో చూసి, లాగి, మీటరు పెట్టి, నంబరు టిక్కు పెట్టుకుంటూ పోయాడు. నూట తొంభై ఎనిమిది, నూట తొంభై తొమ్మిది, రెండు వందలు. ఒక్కటంటే ఒక్కటి తప్పు లేదు. ఆయన మొహంలో ఏదో కదిలింది. నవ్వు కావచ్చు. భాను లోపలే కొబ్బరికాయ కొట్టుకున్నాడు.

పరమేశ్వర్ ట్రే ఎత్తాడు. అడుగున పేపర్లో చుట్టిన పొట్లం ఉంది. విప్పితే పది హార్నెస్‌లు. చక్కగా కట్టినవి, ముద్దొచ్చేవి. నంబరు మాత్రం దేనికీ లేదు.

“ఇవేంటి?”

భాను కూడా వాటిని చూడటం అదే మొదలు. సుమిత్రమ్మే గర్వంగా ముందుకొచ్చింది. “గవి ఎక్కువ వెట్టినం సారూ. మీరు కొన్ని తీసేస్తరు గదా, లెక్క తక్కువ పడొద్దని. మిగిలిన వైరు ముక్కలతోటి, పగిలితే పనికొస్తయని పంపిన కనెక్టర్లతోటి జేసిన. బయటి సామాన్ ఒక్కటి లేదు.”

పరమేశ్వర్ పెన్ను మూత పెట్టాడు. “అమ్మా, తక్కువైతే మళ్లీ చేయిస్తాను, అది పొరపాటు. ఎక్కువైతే ఏం చేయాలి? నంబరు లేని ముక్క రేపు ఏ బండిలోకో పోయి, సరిహద్దులో ఆ బండి ఆగిపోతే, ఎవరు చేశారని ఎవర్ని అడగాలి? వీళ్ల దగ్గర దొంగసరుకు తయారవుతోందని నేను రాస్తే తప్పా?”

“దొంగసరుకా?” సుమిత్రమ్మ మొహం నల్లబడింది. “నా సేతులతోటి జేసిన!”

పరమేశ్వర్ సంచిలోంచి ఒక ఫారం తీసి భాను ముందు పెట్టాడు. అందులో మూడు గడులు: తప్పుకు మూల కారణం, బాధ్యుల పేరు, మళ్లీ జరక్కుండా తీసుకునే చర్య. “నాలుగింటికి నేను బయలుదేరతాను. ఆలోపు నింపండి. దాన్ని బట్టే నా రిపోర్టు ఉంటుంది.”

భాను బయటికొచ్చి రాజశేఖర్‌కు ఫోన్ చేశాడు. అటువైపు ఒక్క క్షణం కూడా ఆలోచన లేదు. “ఆ ముసలామె పేరు రాసెయ్. ఇవాళే తీసేశామని రాయి. ఇన్‌స్పెక్టర్లకు ఒక తల కావాలయ్యా, ఇచ్చేస్తే పోతారు. నువ్వు మాత్రం నీ పేరు రాయకు. సీఈవోకు మచ్చ పడితే కంపెనీకి పడినట్టే.”

మాట సబబుగానే ఉంది, అదే చిక్కు. ఒక్క సుమిత్రమ్మ పోతే ముప్పై తొమ్మిది మంది మిగులుతారు. పేరు రాయకపోతే నలభై మందీ పోవచ్చు. ఏ తరాజులో పెట్టినా అటే మొగ్గుతుంది. భాను మోపెడ్డెక్కి అన్నానికి ఇంటికి పోయాడు. కంచంలో చేయి పెట్టి కదపకుండా కూర్చుంటే వసంతమ్మ ఊరుకుంటుందా? అంతా కక్కించింది.

“ఎక్కువ వెట్టిందని తీసేస్తవా దాన్ని?”

“సారు రాయమంటుండు అవ్వా. మూల కారణం ఏందని అడుగుతున్నరు. ఆమెనే గదా పెట్టింది.”

“ఎక్కువ వెట్టుడు దానికెవలు నేర్పిండ్రురా?”

భాను కంచంలో అన్నం కెలికాడు.

“గద్దె మీద కూసోని మంచి బీడీలు తీసి పారేసినోళ్లు నేర్పిండ్రు. గండ్ల నువ్వొకనివి. గా ముచ్చట నీ కాయితంల వడుతదా, వట్టదా?” అని కంచంలో చారు పోసింది. “తిను. ఆకలి మీద రాస్తే అబద్ధాలే వస్తయి.”

మూడింటికి భాను ఫారం ముందు కూర్చున్నాడు. నిజంగానే భయపడ్డాడు, దాచేదేముంది. ఇల్లు గడవడం, బిడ్డ చదువు, నలభై ఏడేళ్లకు దక్కిన ఒక్క కుర్చీ, అన్నీ ఆ గడిలోనే ఇరుక్కుని ఉన్నాయి. ‘సు’ అని రాసి కొట్టేశాడు. మళ్లీ మొదలుపెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో పేజీన్నర నింపాడు. బీడీ కార్ఖానాల్లో ఛాట్ ఎట్లా తీస్తారో, ఎందుకు తీస్తారో, తీసినవి ఎక్కడికి పోతాయో రాశాడు. తీసేసేవాడి మీద నమ్మకం లేని చోట పనిచేసేవాళ్లు ఎక్కువ పెడతారని రాశాడు. రెండో గడిలో తన పేరు, హోదా రాశాడు. మూడో గడిలో, తీసేసిన ప్రతి ముక్కను చేసిన మనిషి కళ్లముందే కోసెయ్యాలని, ఎందుకు తీసేశామో ఆ మనిషికి చెప్పాలని రాశాడు.

పరమేశ్వర్ చదివాడు. మళ్లీ మొదటికొచ్చాడు. “మీ బయోడేటాలో పొగాకు ఉత్పత్తుల నాణ్యతా తనిఖీ అని చూశాను. ఏదో పెద్ద సిగరెట్ కంపెనీ అనుకున్నాను.”

“గదే సార్ ఇది.”

ఈసారి నిజంగా నవ్వాడాయన. పళ్లు కూడా ఉన్నాయని అప్పుడే తెలిసింది. “ఇరవై రెండేళ్లుగా ఈ ఫారాలు చదువుతున్నాను. మూల కారణం గడిలో అందరూ ‘కార్మికుల అజాగ్రత్త’ అని రాస్తారు. రబ్బరు స్టాంపు చేయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు.” లాట్‌కు వారం ఆగి మళ్లీ తనిఖీ, కంపెనీకి హెచ్చరిక, బాధ్యుడి పేరు మూడేళ్ల దాకా రికార్డులో, అని రాసి సంతకం పెట్టాడు. గుర్తింపు పోలేదు. షెడ్డు మిగిలింది.

రాజశేఖర్ ఫోన్లో పెట్టిన కేకలకు పక్కనున్న టీ కొట్టువాడు కూడా తలతిప్పి చూశాడు. కొత్త సీఈవోను పెడతానన్నాడు. ఆ సాయంత్రమే ముగ్గురిని అడిగాడు కూడా. ముగ్గురూ దరఖాస్తులోని చిన్న అక్షరాలు చదివి ఆరోగ్యం బాగాలేదన్నారు. భానుకు ఇంక్రిమెంటు పోయింది, కుర్చీ నిలిచింది.

కానీ అంతకుముందే, పరమేశ్వర్ ఉండగానే, ఒక పని మిగిలింది. పది హార్నెస్‌లూ కోసెయ్యాలి. భాను కట్టరు తీసుకుని సుమిత్రమ్మను పిలిచాడు. మిగతావాళ్లు కూడా బెంచీలు వదిలి చుట్టూ మూగారు. ఒక్కోదాన్ని ఎత్తి నాలుగు ముక్కలుగా కోసి డబ్బాలో వేశాడు. మొదటిదానికి ఎవరో అయ్యో అన్నారు. పదోది కోసేదాకా సుమిత్రమ్మ రెప్ప వేయలేదు.

“అయిపోయిందా? ఇంక ఇవి ఏడికి పోవు గదా?”

“పోవు అక్కా. పనికిరావు.”

“మరి అప్పుడు మా బీడీలెందుకు గిట్ల కొయ్యకపోతివి తమ్మీ?”

భాను చేతిలో కట్టరు అట్లాగే ఉండిపోయింది. “నీకు... నీకెర్కనా?”

“నువ్వు దారమిచ్చిన నాడే గుర్తువట్టిన. నెత్తి మీద జుట్టు వోతే మనిషి మారుతడా?” ఆమె గొంతు పెంచలేదు. “గా సారు ఎవలో నాకేమెర్క? ఆయన కోసం వెట్టలె నేను. ఆయన కంటె ముందు నువ్వు సూస్తవు గదా. నువ్వు తీస్తవని వెట్టిన.”

రెండేళ్లు ఒకే షెడ్డులో పనిచేశారు. జీతం చేతికిచ్చాడు, దసరాకు చీర పెట్టాడు, లీడర్ని చేశాడు. అయినా ఆమె అతని కోసం పది ఎక్కువ చేసి దాచింది. భానుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పేజీన్నర నిజం రాశానన్న గర్వం కాస్తా ఎటుపోయిందో తెలియలేదు. “తప్పయింది అక్కా” అన్నాడు.

“తప్పయిందని సారుకు కాయితం రాసిచ్చినవంట గదా, మంచిగనే చేసినవు. నాకు గదొద్దు. ఒక్కటి జెప్పు.” కొంగు నడుముకు బిగించి, అందరికీ వినపడేలా అడిగింది. “మూడేండ్లు తీస్తివి. నలుగురి ముందట మొహాన విసిరికొడితివి. నా బీడీలు ఖరాబుగున్నయా?”

“లేదక్కా.”

“గట్టిగ జెప్పు.”

“మంచియే” అన్నాడు భాను. మళ్లీ అన్నాడు, గట్టిగా, నలభై మంది ముందు. “నువ్వు తెచ్చినయన్నీ మంచియే. నేను తీసినయన్నీ మంచి బీడీలే అక్కా.”

సుమిత్రమ్మ పక్కనున్న ఆడవాళ్ల వైపు తిరిగింది. “ఇన్నరా?” అంది. కొంగుతో ఒకసారి మొహం తుడుచుకుని, తన బెంచీ దగ్గరికి పోయి కూర్చుంది.